గుర్తు తెలియని సరుకు

ఏసుపాదం చెయ్యి పడ్డాక ఇక కాటా దండగ అని శేషగిరిగారి గోడౌనులో అందరూ అనేవాళ్లు. కుసుమ ఆ మాట వినడమే కాదు, కళ్లారా చూసింది. వాళ్ల నాన్న ఆ గోడౌనులోనే కాటా గుమస్తా. బడికి సెలవులిస్తే కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లేవాడు. బస్తాలు మోసే ముఠాకి మేస్త్రి ఏసుపాదం ఆ పిల్ల రెండు చంకల కిందా చేతులు వేసి, నేల మీంచి బెత్తెడు పైకి లేపి, మళ్లీ దింపి, ఆ తర్వాత అమాంతం ఎత్తి కాటా మీద నిలబెట్టేవాడు. ముల్లు ఇంకా ఊగుతుండగానే "పందొమ్మిదిన్నర" అనేవాడు. ముల్లు ఊగి ఊగి పందొమ్మిదిన్నర దగ్గరే ఆగేది.

"పొద్దున్న పెసరట్లు గట్టిగానే లాగించినట్టున్నారు పాపగారూ! నిన్నటి మీద పావుకిలో ఎక్కువున్నారు" అని నవ్వేవాడు. నిజంగానే ఆ పొద్దున్న ఇంట్లో పెసరట్లు.

కుసుమ చదువంతా ఆ పావుకిలో దగ్గరే మొదలైంది. మనిషి చేతికి బరువు ఎలా తెలుస్తుందన్న సంగతి పట్టుకుని ఎక్కడెక్కడో చదివి, పెద్ద పట్టా పుచ్చుకుని, ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ అదే గోడౌనుకి వచ్చింది. తణుకు దాటాక హైవే పక్కన, వెనక వరిచేలు, ముందు లారీలు. నాన్న లేడు. ముల్లు కాటా పోయి అంకెల కాటా వచ్చింది. ఏసుపాదం మాత్రం ఉన్నాడు, మీసం నెరిసి, మోకాళ్లు అరిగి. కుసుమ సంచిలో వేళ్ల దగ్గర్నుంచి భుజం దాకా వచ్చే బూడిదరంగు తొడుగులు రెండున్నాయి.

ఆ తొడుగులు దేనికో చెప్పాలంటే ముందు శేషగిరిగారి కష్టం చెప్పాలి. ఆయన గోడౌను నుంచి రోజూ ముప్పై ఊళ్ల దుకాణాలకి సరుకు వెళ్తుంది. ఒక్కో దుకాణానికి ఒక్కో ప్యాలెట్. అంటే ఒక చెక్కబల్ల మీద ఆ దుకాణం అడిగిన సామానంతా మనిషెత్తున పేర్చి, చుట్టూ ప్లాస్టిక్ పొర చుట్టి, ఫోర్క్‌లిఫ్ట్‌తో లారీ ఎక్కిస్తారు. అన్నీ ఒకే రకం అట్టపెట్టెలైతే పేర్చే యంత్రాలు లోకంలో ఎప్పట్నుంచో ఉన్నాయి. కానీ దుకాణంవాడు ఒకే రకం ఎందుకు అడుగుతాడు? బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు, ఆవకాయ జాడీలు, కోడిగుడ్ల అట్టలు, ఆత్రేయపురం పూతరేకుల పెట్టెలు, అన్నీ కలగలిపి కావాలంటాడు. శేషగిరిగారు ఓసారి ముచ్చటపడి విదేశీ యంత్రం ఒకటి తెప్పించారు. అది గుడ్ల మీద జాడీలు పెట్టలేదు, ఆ మాత్రం బుద్ధి దానికుంది. కానీ జాడీలో నూనె ఒక పక్కకి వాలుతుందనీ, వదులుగా కుట్టిన బస్తా గంటలో కుంగుతుందనీ దానికి తెలియదు. మొదటి వారమే ఒక ప్యాలెట్ లారీ ఎక్కుతూ ఎక్కుతూ ఒరిగిపోయింది. పది రోజుల పాటు గోడౌనంతా ఆవకాయ ఘాటు. ముఠావాళ్లు వట్టి అన్నం తెచ్చుకుంటే సరిపోతుందని నవ్వుకున్నారు.

ఏసుపాదం పేర్చిన ప్యాలెట్ ముప్పై ఏళ్లలో ఒక్కటీ ఒరగలేదు.

ఆ ముఠాలో ఒక పద్ధతి ఉంది. ఏ సరుకునైనా సరే, ముందు బెత్తెడు లేపి, దింపి, అప్పుడే ఎత్తాలి. దాన్ని వాళ్లు పలకరించడం అంటారు. కొత్తగా చేరినవాడెవడైనా బస్తాని ఏకబిగిన భుజానికెత్తితే మిగతా పదిమందీ పని ఆపేసి వాడివైపు చూస్తారు, పెళ్లిలో పీటల మీద కూచున్నవాళ్లని పలకరించకుండా విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి చూసినట్టు.

"పలకరించకుండా ఎత్తితే అది మనల్ని ఎత్తేత్తదండి" అనేవాడు ఏసుపాదం.

కుసుమ మొదటి రోజు తొడుగులు బయటికి తీస్తే అతను వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"వీటితో ఏం చేత్తారండీ?"

"బరువు ఎత్తేముందు నీ చెయ్యి ఏమనుకుంటుందో వింటాను బాబాయ్."

"చెయ్యి అనుకుంటదాండీ? మా ఇంటిది కరుణయితే నా బుర్రే ఏమీ అనుకోదంటది."

కుసుమ నవ్వి, పక్కనున్న ఇత్తడి చెంబు అతని చేతికందించింది. నిండుగా ఉందనుకుని పట్టుకున్నాడు. ఖాళీ చెంబు. చెయ్యి ఎగిరి గడ్డం దాకా లేచింది.

"చూశావా? ఎంత బరువుంటుందో నీ చెయ్యి ముందే ఒక లెక్క వేసుకుంది. తప్పింది. వెంటనే దిద్దుకుంది. ఆ లెక్కని ఈ తొడుగు నరాల మీంచి వింటుంది. అది యంత్రానికి చెప్తే యంత్రం నీలాగే పేరుస్తుంది."

"మరి మా ముఠా?"

ముఠాని తియ్యనని శేషగిరిగారు అందరి ముందూ మాటిచ్చారు. కలగలుపు ప్యాలెట్లు యంత్రం పేరుస్తుంది, మిగతావి ముఠా చూసుకుంటుంది. ఆ మాట ఆయన నిలబెట్టుకున్నారు కూడా. ఈ కథలో శేషగిరిగారి మీద వెయ్యడానికి తప్పేమీ లేదు.

"మీరడిగేరు కాబట్టి సరేనండి" అన్నాడు ఏసుపాదం, చేతులు చాపుతూ.

అతని ఇల్లు గోడౌను వెనక కాలనీలో, గేటు దాటితే నాలుగో ఇల్లు. భార్య కరుణమ్మకి ఏడేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి అతను వెళ్లి ఆమెని మంచం మీంచి ఎత్తి, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి వస్తాడు. సాయంత్రం మళ్లీ మంచం మీదికి. ఆ మధ్య గంటలే ఆమెకి లోకం. హైవే మీద పోయే లారీల హారను విని డ్రైవరెవరో చెప్పేది.

మొదటి నాలుగు రోజులూ తొడుగులు వేసుకుని ఏసుపాదం తన మానాన తాను పేర్చుకుపోయాడు. షెడ్డులో తెర ముందు కుసుమ. సరుకుని ముఠా ముందుకి జరిపే బెల్టు మీద ఏది వచ్చిందో, దానికి చెయ్యి ఏం లెక్క వేసుకుందో వరసగా తెర మీద పడేవి. రోజుకొకసారి మాత్రం ఒక చిక్కు వచ్చేది. మిట్టమధ్యాహ్నం, బెల్టు ఆగి ఉన్నప్పుడు, నలభై మూడు కిలోల సరుకు ఒకటి ఎత్తినట్టు పడేది. ఎత్తుతుండగానే దాని బరువు నాలుగు కిలోలు తగ్గేది. అలా తగ్గే సరుకు ఏ గోడౌనులోనూ ఉండదు. కుసుమ బెల్టు జాబితా అంతా వెతికింది. దొరకలేదు. ఏదో పొరపాటు రీడింగులే అనుకుని, "గుర్తు తెలియని సరుకు" అని పేరు పెట్టి, పనికిరానివి పడేసే చోట పడేసింది. అయిదో రోజు నుంచి భోజనానికి వెళ్లేటప్పుడు తొడుగులు విప్పించింది. ఆ సరుకు మళ్లీ రాలేదు. చూశావా, పొరపాటే అని సంతోషించింది.

అసలు చిక్కు ఇంకొకటి. పలకరింపు. ప్రతి సరుకుకీ చెయ్యి రెండుసార్లు లేపడంతో లెక్కలు ఒకదాని మీద ఒకటి పడి గజిబిజి అయ్యేవి. పైగా ఒక్కో పలకరింపుకీ రెండు సెకన్లు. రోజుకి మూడు వేల సరుకులంటే రెండు సెకన్లు ఎంతవుతుందో శేషగిరిగారు నోటితోనే చెప్పేశారు. కుసుమ ఆలోచించి ఒక ఉపాయం పట్టింది. బెల్టు కిందే కాటా ఉంది కదా. సరుకు ముందుకి రాగానే దాని బరువు తొడుగుకి చేరుతుంది, తొడుగు చేతికి సన్నగా జిల్లుమనిపించి ఆ బరువు చెప్పేస్తుంది. చేతికి ఇక తడబాటే ఉండదు.

"బాబాయ్, రేపట్నుంచి పలకరించకు."

ఏసుపాదం తెల్లబోయాడు. "మా నాయన నేర్పిందండి అది. చెయ్యి ఊరుకోదు."

"తొడుగే చెప్తుంది. జిల్లుమనగానే ఎత్తెయ్. నలభై రోజులే."

"ఆయ్, సరేనండి" అన్నాడు. ఆ "సరే" కుసుమ తర్వాత చాలాకాలం మర్చిపోలేకపోయింది.

ఉపాయం బ్రహ్మాండంగా పారింది. రీడింగులు అద్దంలా వచ్చాయి. మొదట్లో చెయ్యి ఊరుకోక బస్తాని బెత్తెడు లేపి నాలిక కరుచుకునేవాడు. పదో రోజుకి అలవాటైపోయింది. "హాయిగా ఉందండీ. అడక్కుండానే చెప్పేత్తంది. చేతికి పనే లేదు" అన్నాడు టీ తాగుతూ.

చేతికి పనే లేదు. ఆ మాట కుసుమకి అప్పుడే తగలాల్సింది. మనిషి చెయ్యి బరువుని కనిపెట్టేది తప్పులు చేసి, దిద్దుకుని, మళ్లీ అడిగి. రోజంతా ఎక్కడా తప్పు రాని చెయ్యి ఇక అడగడం ఎందుకు? ఇరవయ్యారో రోజున తెర మీద గీత సన్నబడటం ఆమె చూసింది. ఏసుపాదం చెయ్యి వేసుకునే లెక్క తాలూకు గీత, మొదటి రోజు చిటికెనవేలంత లావున్నది, దారప్పోగులా ఉంది. అంటే అతను ఎత్తుతున్నది తన లెక్కతో కాదు, తొడుగు చెప్పిన లెక్కతో. అప్పటికే యంత్రానికి ముప్పాతిక నేర్పడం అయింది. చెన్నై నుంచి యంత్రం హక్కులు కొనేవాళ్లు ఫలానా తారీఖున వస్తామని కబురు పెట్టారు. కుసుమ నోటుపుస్తకంలో ఆ తేదీకి ఎదురుగా ఒక్క ముక్క రాసుకుంది: "అలసట కావచ్చు." నాలుగు రోజులు విశ్రాంతి ఇస్తే అదే తిరిగొస్తుందిలే అని తనకి తనే చెప్పుకుంది. ఏసుపాదానికి చెప్పలేదు.

యంత్రాన్ని చూపించిన రోజు గోడౌను ముందు షామియానా వేశారు. దానికి కుసుమ పెట్టిన పేరు ఏదో ఉంది గానీ ముఠావాళ్లు చిన్న ఏసుపాదం అనేవారు, అందరి నోటా అదే నిలిచింది. రెండు ఉక్కు చేతులు. ఒక్క తడబాటు లేకుండా బస్తాలు అడ్డదిడ్డంగా బిగించి, జాడీలని మధ్యకి నెట్టి, డబ్బాలు అంచులకి కాపలా పెట్టి, పైన గుడ్ల అట్టలు, ఆ పైన పూతరేకులు. ఫోర్క్‌లిఫ్ట్ ఆ ప్యాలెట్‌ని ఎత్తుకుని గేటు దగ్గర స్పీడ్ బ్రేకర్ మీంచి మూడుసార్లు దూకింది. ఒక్క గుడ్డు పగల్లేదు. చెన్నైవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఏసుపాదానికి శాలువా కప్పారు. ఎవరో కాగితం కప్పులో టీ అందించారు.

అతను అందుకోగానే కప్పు చేతిలో నలిగిపోయి టీ అంతా కొత్త శాలువా మీద పడింది.

"మేస్త్రికి సన్మానం కంగారు!" అని అందరూ గొల్లున నవ్వారు. అతనూ నవ్వాడు. కుసుమకి మాత్రం నవ్వు రాలేదు. అలసట, అలసట అని మనసులో అనుకుంటూ ఆ మర్నాడే హైదరాబాదు బస్సెక్కింది.

మూడు నెలలు ఆమెకి ఊపిరాడలేదు. హక్కుల కాగితాలు, ఉపన్యాసాలు. ఇద్దరు ముగ్గురు పెద్దలు భుజం తట్టారు. మధ్యలో రెండుసార్లు ఏసుపాదానికి ఫోన్ చేసింది. "బాగానే ఉన్నామండి" అన్నాడు రెండుసార్లూ. మూడోసారి ఫోన్ చెయ్యడానికి ఎందుకో చెయ్యి రాలేదు. ఆ "ఎందుకో" ఏమిటో ఆమెకి బాగా తెలుసు.

చివరికి ఒక మే నెల మధ్యాహ్నం కాలనీలో నాలుగో ఇంటి ముందు కారు ఆపింది. పన్నెండు దాటింది. గుమ్మం దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద ఎవరో బట్టలు ఆరేశారు.

కరుణమ్మ లోపల మంచం మీదే ఉంది. అంత ఎండలో పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని ఉంది.

"రండి పాపగారూ" అంది, మాట మెల్లగా, ముద్దగా. "ఆయన బజారుకెళ్లేరు. వచ్చేత్తారు."

"కుర్చీలో కూర్చోలేదేం పిన్నీ?"

"ఎండ కదండీ." ఒక్క క్షణం ఆగి, "లారీలు కూడా తగ్గిపోయినియ్యి" అంది.

అప్పుడే హైవే మీద మూడు లారీలు వరసగా హారను కొట్టుకుంటూ వెళ్లాయి. కరుణమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. తిప్పుకున్నప్పుడు జాకెట్టు చెయ్యి పైకి జరిగింది. మోచేతి పైన నాలుగు వేళ్ల గుర్తులు, నల్లగా కమిలి. కొన్ని పాతవి, పసుపుపచ్చగా మారినవి.

"గుమ్మం తగిలిందండి" అంది కరుణమ్మ, అడక్కుండానే.

ఇంతలో ఏసుపాదం వచ్చాడు. చేతిలో గుడ్డసంచి. దాన్ని బల్ల మీద పెట్టబోతే దబ్బుమని పడింది. లోపల కోడిగుడ్లు పగిలాయి. అతను సంచి వంక చూశాడు, కుసుమ వంక చూశాడు. ఎవరో తన దొంగతనం పట్టుకున్నట్టు చూశాడు. దొంగెవరో కుసుమకి తెలుసు.

"చెయ్యి చెప్పట్లేదండీ పాపగారూ" అన్నాడు మెల్లగా. "చెంబెత్తితే బిందె అనుకుంటది. బిందెత్తితే చెంబనుకుంటది. సరుకంటే పోనీలెండి. దీన్ని ఎత్తబోతే ఓసారి గట్టిగా నొక్కేశాను, ఓసారి జారిపోయింది. మంచంకోడు తగిలి నుదురు చిట్లింది. అప్పట్నుంచి నా చెయ్యి దగ్గరికెళ్తే భయపడతందండి. పైకి చెప్పదు. ఒళ్లు బిగిసిపోద్ది."

"అబ్బే, లేదయ్యా" అంది కరుణమ్మ మంచం మీంచి. "నాకేం భయం?"

పక్కింటి ఆడవాళ్లు ఇద్దరొచ్చి అవసరానికి లేపుతున్నారు. రోజూ కుర్చీ కోసం కూడా వాళ్లని పిలవడానికి కరుణమ్మకి సిగ్గు. అందుకని కుర్చీ మానేసింది.

కుసుమ నేల మీద చతికిలబడింది. చెప్పకుండా వెళ్లిపోవడానికి ఆమె దగ్గర వంద మాటలున్నాయి. నరాలు, వయసు, పరీక్షలు. వాటిలో ఒక్కటీ వాడలేదు.

"నాకు ఇరవయ్యారో రోజునే తెలిసింది బాబాయ్."

"ఏం తెలిసిందండీ?"

"నీ చెయ్యి అడగడం మానేస్తోందని. తెర మీద కనబడింది. నీకు చెప్పలేదు. ఆ తారీఖు తప్పిపోతుందని చెప్పలేదు."

పగిలిన గుడ్ల సంచి లోంచి సొన కారి బల్ల అంచు మీంచి చుక్కచుక్కగా పడుతోంది. కుసుమే మళ్లీ అడిగింది. ఎందుకడిగిందంటే, అతను కాదంటాడని ఆశ.

"చెప్పి ఉంటే మానేసేవాడివా?"

"మానేసేవాణ్ణండి" అన్నాడు అతను. కోపం లేదు గొంతులో. "సరుకుదేవుందండీ, నేను కాకపోతే ఇంకోడు ఎత్తుతాడు. దీన్ని నేనే ఎత్తాలి కదా."

అతను తిట్టి ఉంటే కుసుమ ఏడ్చి తేలికపడేది. అతను తిట్టలేదు.

ఆమె గోడౌను షెడ్డులోనే మకాం పెట్టింది. పోయినదాన్ని తిరిగివ్వాలి. యంత్రంలో ఉన్న అతని లెక్కనంతా తొడుగుల ద్వారా వెనక్కి అతని చేతులకి పంపింది. తొడుగులు ఉన్నంతసేపూ అతను మునుపటి ఏసుపాదమే. గుడ్ల అట్ట మునివేళ్లతో లేపేవాడు. తొడుగులు విప్పగానే చేతులు మళ్లీ అయోమయం. పోనీ తొడుగులతోనే ఇంటికి పంపుదామా అంటే, వాటికి ముందుగా బరువు చెప్పే కాటా కావాలి. మనిషిని ఎత్తడం బస్తాని ఎత్తడం కాదు. మనిషి తనూ కొంచెం లేస్తుంది, వాలుతుంది, ఊపిరి బిగబడుతుంది, ఏ కాటా ముందుగా చెప్పగలదు? పలకరింపు మళ్లీ నేర్పించింది. బస్తాని బెత్తెడు లేపేవాడు, దింపేవాడు. "అడుగుతున్నానండి. బదులు రావట్లేదు" అనేవాడు.

రెండు నెలలయ్యాక ఒకనాడు తొడుగులు తనే విప్పేసి బల్ల మీద పెట్టాడు.

"ఇక చాలండి పాపగారూ. మీరు చిక్కిపోతన్నారు."

అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు చిన్నగా నవ్వాడు. "మొదట్లో ఈ తొడుగులతోనే మధ్యాన్నం ఇంటికెళ్లిపోయేవాణ్ణి, గుర్తుందాండీ? విప్పడం మర్చిపోయి. కరుణ నవ్వేది, ఏనుగు తొండాలేసుకొచ్చేవేంటయ్యా అని."

కుసుమ లేచి నిలబడింది.

మొదటి నాలుగు రోజులు. మిట్టమధ్యాహ్నం. నలభై మూడు కిలోలు. ఎత్తుతుండగానే నాలుగు కిలోలు తగ్గే సరుకు.

పనికిరానివి పడేసిన చోట అవి ఇంకా ఉన్నాయి. నాలుగు రోజులు, నాలుగు మధ్యాహ్నాలు. తెరిచి చూస్తే ప్రతిదాంట్లోనూ మొదట బెత్తెడు లేపడం, దింపడం, ఒక్క క్షణం ఆగడం, అప్పుడు ఎత్తడం. సగం ఎత్తులో ఉండగా నాలుగు కిలోలు మాయమవడం. కరుణమ్మ బాగున్న ఎడమచెయ్యి అతని మెడ చుట్టూ వేసి తనని తాను కొంచెం లేపుకునేది. ఆ నాలుగు కిలోలూ చేతుల మీంచి మెడ మీదికి వెళ్లేవి. ఒక మనిషి తన భార్యని ఎత్తడాన్ని తను గుర్తు తెలియని సరుకు అని రాసి పారేసింది. ఆ పేరు తన చేత్తోనే రాసింది కాబట్టి కుసుమ తన చేత్తోనే కొట్టేసింది.

తర్వాత శేషగిరిగారి దగ్గరికి వెళ్లి చిన్న ఏసుపాదం చేతులు రెండూ కావాలంది.

"మనుషుల్ని ఎత్తడానికా అమ్మా దాన్ని కొన్నది?" అన్నారాయన. సంగతంతా విన్నాక కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆ చేతులు బిగించడానికి చక్రాల బండి కూడా ఆయనే ఇప్పించారు.

కుసుమ ఆ చేతులకి మెత్తటి దిండ్లు తొడిగింది. ఆ నాలుగు మధ్యాహ్నాల రీడింగులూ వాటికి ఎక్కించి, తను కోసేసిన పలకరింపుని వెతికి వెతికి తిరిగి అతికించింది. వారం రోజులు నలభై మూడు కిలోల బస్తాని ఎత్తించింది, దింపించింది. ఏడో రోజున ముఠావాళ్లు వద్దంటున్నా తనే వెళ్లి బల్ల మీద పడుకుంది.

ఉక్కు చేతులు ఆమె వీపు కిందికి వచ్చాయి. బెత్తెడు లేపాయి. దింపాయి. ఆగాయి. ఆ తర్వాత ఎత్తాయి. కుసుమకి ఒక్కసారిగా ముల్లు కాటా కనబడింది, నాన్న కనబడ్డాడు, పెసరట్ల వాసన వచ్చింది. పందొమ్మిదిన్నర కిలోల పిల్ల ఏడ్చినట్టు వెక్కివెక్కి ఏడ్చింది. ముఠావాళ్లు ఎక్కడో దెబ్బ తగిలిందనుకుని పరిగెత్తుకొచ్చారు.

మర్నాడు పన్నెండింటికి బండిని కాలనీకి తోసుకెళ్లారు. ఏసుపాదం కుర్చీ మీద బట్టలు తీసేసి, తుడిచి, గుమ్మం దగ్గర సరిగ్గా దాని పాత చోటే పెట్టాడు. కరుణమ్మ ఆ ఇనప చేతుల వంక భయంగా చూసింది.

"పోనీలెండి పాపగారూ, నాకు మంచమే బాగుంది."

"ఒక్కసారి పిన్నీ. వద్దనిపిస్తే వెంటనే ఆపేస్తాను."

ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. ఒళ్లు బిగుసుకుపోయింది. దిండ్లు తొడిగిన చేతులు మోకాళ్ల కిందికి ఒకటి, వీపు కిందికి ఒకటి జరిగాయి. బెత్తెడు లేపాయి. మెల్లగా దింపాయి.

కరుణమ్మ మొహంలో బిగువంతా సడలిపోయింది.

"వచ్చేవాయ్యా?" అంది కళ్లు తెరవకుండానే. ఎన్నో నెలలు ఊరెళ్లి వచ్చినవాణ్ణి అడిగినట్టు అడిగింది.

ఏసుపాదం మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ వేలాడేసుకుని. తన చేతులు తన భార్యని ఎత్తుతుంటే పక్కన నిలబడి చూడటం ఎలా ఉంటుందో కుసుమకి తెలియదు, తెలుసుకునే హక్కు తనకి లేదని కూడా అనిపించింది.

యంత్రం ఆమెని ఎత్తింది. మంచానికీ కుర్చీకీ మధ్య, సగం ఎత్తులో, కరుణమ్మ ఎడమచెయ్యి అలవాటుగా పైకి లేచింది. మెడ కోసం వెతికింది. అక్కడ మెడ లేదు. చల్లటి గొట్టం తగిలింది. వేళ్లు దాని మీద తడుముకుని, జారి, గాల్లో ఆగిపోయాయి. ఆమె కళ్లు తెరిచింది. మొహంలో మళ్లీ ఆ భయం.

ఏ లెక్కలోనూ లేని సంగతి అది. కుసుమ ఆపు మీట మీదికి వేలు తీసుకెళ్లింది.

ఏసుపాదం ఒక్క అంగలో అటు వచ్చాడు. ఉక్కు చేతుల మధ్య నుంచి దూరి, అరిగిన మోకాళ్లు వంచి, తల వంచి, ఆ గాల్లో ఉన్న చేతి కింద తన మెడ పెట్టాడు. కరుణమ్మ చెయ్యి అతని మెడ చుట్టుకుంది. తనని తాను కొంచెం లేపుకుంది.

బండికున్న తెర మీద నలభై మూడు తగ్గి ముప్పై తొమ్మిదయింది.

అలాగే నడిచారు ముగ్గురూ, ఆరడుగులు, కుర్చీ దాకా. యంత్రం దింపింది. కరుణమ్మ చెయ్యి మెడ మీంచి తియ్యలేదు. ఏసుపాదం వంగిన నడుము వంగినట్టే ఉంచి, తల తిప్పి కుసుమ వంక చూశాడు. అతని కళ్లు విప్పారి ఉన్నాయి.

"నాలుగు కిలోలండీ పాపగారూ" అన్నాడు. "ఇందాక నా మెడ మీదున్నది. నాలుగు కిలోలు. ఓ చిటికెడు అటూ ఇటూ."

కుసుమ తెర చూసింది. నాలుగు కిలోల యాభై గ్రాములు. ఆ మెడకి ఆమె ఏనాడూ తొడుగు వెయ్యలేదు.

హైవే మీద ఏదో లారీ పొడుగ్గా హారను కొట్టింది. కరుణమ్మ చెవి ఒగ్గి, "రామచంద్రపురం బండి" అంది. కుసుమ యంత్రాన్ని ఆపి, సాయంత్రం మంచం మీదికి చేర్చే వేళకి మళ్లీ వస్తానని చెప్పి, ఎండలోకి నడిచింది. వెనకనించి ఏసుపాదం భార్యకి మంచినీళ్లందిస్తున్న చప్పుడు, గ్లాసు నేల మీద పడిన చప్పుడు వినిపించాయి. ఆమె వెనక్కి తిరగలేకపోయింది.